గోడ మీది కొండలు

గేటు ముందు పలకరాళ్ల మీద చెంబుతో నీళ్లు చల్లి, చీపురుతో ఒక్కో రాయీ తోముకుంటూ వెనక్కి వెనక్కి నడుస్తోంది సూరాయమ్మ. అప్పుడే తెల్లారింది. వీధిలో ఇంకెవరూ లేరు. ఇటు చూసినా అటు చూసినా ప్రతి గేటు ముందూ చెత్త సంచులు, కాళ్లు విరిగిన కుర్చీలు, ఈగలు ముసిరిన పుచ్చకాయ తొక్కలు. సల్వా పేటలో ఆ వీధి మొత్తానికి కడిగిన వాకిలి ఇదొక్కటే. ఆగస్టు మొదట్లో ఇరాకు సైన్యం వచ్చి కువైట్‌ను ఆక్రమించుకుంది. ఇప్పుడు సెప్టెంబరు సగం గడిచింది. చెత్తబండ్లు రావడం మానేశాయి. ఇళ్లలో సామాను ఎత్తుకుపోయే లారీలు మాత్రం వేళ తప్పకుండా వస్తున్నాయి. అయినా లేవగానే ఆవిడ చేతికి చీపురు కావాలి. కొంతమంది అంతే, ఊరు తగలబడుతున్నా ముందు వాకిలి ఊడ్చుకుని ఆ తరవాత పరిగెడతారు.

పొట్టి మనిషి. నలభై అయిదేళ్లుంటాయేమో, మోకాళ్లు చూస్తే అరవై అంటాం. బ్లీచింగు నీళ్లలో ఎనిమిదేళ్లు నానిన వేళ్ల చివర్లు తెల్లగా పాలిపోయి, గోళ్ల పక్కన చీలి ఉంటాయి. తలకి గుడ్డ, ఒంటి మీద మడమల దాకా దిగిన గళ్ల గౌను. మెడలో పసుపు పూసిన దారం, దానికి ఒక పసుపుకొమ్ము. అక్కడ ఉండాల్సిన పుస్తెలు ఎక్కడికి పోయాయో కాసేపట్లో తెలుస్తుంది.

చెంబు, చీపురు లోపల పెట్టి, గేటుకి తాళం వేసి, పొడిగుడ్డ పట్టుకుని హాల్లోకి వచ్చింది. హాలు బోసిగా ఉంది. తివాచీ లేదు, టీవీ లేదు, ఏసీ ఉన్నచోట గోడకి చదరపు కన్నం. మిగిలింది ఎదురుగోడ మీది పటం ఒక్కటే. ఎనిమిదడుగుల ప్లైవుడ్ చెక్క మీద అతికించిన ఫొటో అది. దాని చట్రం గోడ నుంచి నాలుగు వేళ్ల మందాన ముందుకొచ్చి, చుట్టూ మరలతో బిగించి ఉంటుంది. అందులో రెండు పక్కలా నీలంగా, పచ్చగా కొండలు. మధ్యలో ఇరుకు లోయలోంచి ఒళ్లు కుదించుకుని వచ్చే నది.

ఏటా వేసవికి యజమానులు వెళ్లే చోటు అది. దేశం పేరు సూరాయమ్మకి ఎప్పుడూ నోరు తిరగలేదు. ఆ ఇంటి పిల్ల నూరాని ఏడాది నిండనప్పటి నుంచి ఈవిడే ఎత్తుకు పెంచింది. ఆ పిల్ల సోఫా ఎక్కి, బొమ్మ మీద వేలు పెట్టి, "నదికి ఇటు ఒక దేశం సూరా, అటు ఇంకో దేశం. అడవంతా జంతువులదే. ఎవరూ వేటాడకూడదు. జింకలు జవాజు లేకుండానే ఇటూ అటూ తిరుగుతాయి," అని చెప్పేది. జవాజు అంటే పాస్‌పోర్టు.

"ఇయి పాపికొండలే పిల్లా," అనేది సూరాయమ్మ. తెలుగులోనే అనేది, నూరాకి ఆ మాత్రం తెలుగు వచ్చు.

ఊరికే అనేది కాదు. ఆవిడ పుట్టిల్లు గోదావరి పాపికొండల్లో ఇరుక్కునే చోట, కొరుటూరు. అత్తిల్లు ఎదురొడ్డున కొండమొదలు. ఒక ఒడ్డు ఒక జిల్లా, రెండో ఒడ్డు ఇంకో జిల్లా. మొగుడు సూరిబాబు లాంచీ నడిపే సరంగు. పెళ్లిలో అప్పగింతలు కూడా పడవలోనే అయ్యాయి. అందుకని దుమ్ము దులిపేటప్పుడు ఎప్పుడూ పటానికి ఎడమ ఒడ్డు నుంచి మొదలెడుతుంది. ముందు పుట్టిల్లు తుడిచి, నది దాటి, తరవాత అత్తిల్లు తుడుస్తుంది.

ఈ నెలన్నర మాత్రం ఆ గుడ్డ పట్టుకున్న చెయ్యి దేవుడి పటం తుడిచినంత జాగ్రత్తగా కదులుతోంది. దానికి కారణం ఉంది.

సైన్యం వచ్చిన వారానికి యజమానులు సౌదీకి పారిపోయారు. పెద్ద జీపు నిండా సూట్‌కేసులు, పిల్లలు, ఇంటాయన తల్లి, దుప్పట్లు. బాబా, అంటే ఇంటాయన, వేటకి పెంచుకున్న డేగ కూడా తోలు టోపీ పెట్టుకుని ముందు సీటులో కూర్చుంది. సూరాయమ్మకి చోటు లేదు. డేగకి దొరికిన చోటు తనకెందుకు దొరకలేదని ఆవిడ ఆలోచించలేదు. ఎనిమిదేళ్లుగా ఆ ఇంట్లో చోటు చూసుకుని తప్పుకుని నిలబడ్డమే ఆవిడ పని.

మామా, అంటే ఇంటావిడ, బయలుదేరే ముందు చెయ్యి పట్టుకుని హాల్లోకి తీసుకొచ్చింది. పటం మీద అరచెయ్యి ఆనించి, గొంతు తగ్గించి చెప్పింది. "సూరా, దీని వెనక గోడలో ఇనప్పెట్టె ఉంది. నీ జవాజు అందులోనే ఉంది, మా బంగారం కూడా. తాళంచెవి నా దగ్గర. రెండు వారాల్లో వస్తాం. నా చేత్తో తీసి నీ చేతిలో పెడతాను. అప్పటిదాకా దీన్ని ఎవరూ ముట్టుకోకుండా చూడు. నువ్వు నా తోడబుట్టినదానివి." అని రెండు బుగ్గల మీదా ముద్దు పెట్టుకుంది. ఎనిమిదేళ్లలో అదే మొదటిసారి. సూరాయమ్మ ఏడ్చేసింది.

జీపు కదలబోతుంటే నూరా అద్దం దించి, తల్లి కాళ్ల దగ్గరున్న సంచిలోకి వేలు చూపిస్తూ, "సూరా, సూరా," అని ఏదో చెప్పబోయింది. మామా పిల్లని వెనక్కి లాగి అద్దం ఎక్కించింది. దారిలో తినడానికి బిస్కెట్లు అడుగుతోంది కాబోలనుకుని సూరాయమ్మ వంటింట్లోకి పరుగెత్తింది. డబ్బా వెతికి, పొట్లం పట్టుకుని వచ్చేసరికి జీపు వీధి మలుపు తిరిగిపోయింది. ఆ పొట్లం ఇప్పటికీ అల్మరాలో ఉంది. ఆకలి దంచేసిన రోజుల్లో కూడా దాన్ని విప్పలేదు, పిల్ల వస్తే ఇవ్వాలని.

ఫహాహీల్‌లో పనిచేసే చెల్లెలు విజయదుర్గ ఆగస్టు ఆఖర్లో పరుగున వచ్చింది. మనవాళ్లకి బస్సులు కడుతున్నారు, బస్రా మీదుగా బాగ్దాదు, అక్కణ్ణించి జోర్డానుకు, అక్కణ్ణించి విమానంలో బొంబాయికి పంపుతున్నారని చెప్పింది.

"నా పాస్‌పోర్టు ఆ గోడలో ఉందే. ఆవిడొచ్చి తీత్తానంది. నన్ను నమ్మి ఇల్లప్పజెప్పి ఎల్లింది. నువ్వెల్లిపో," అంది సూరాయమ్మ.

"నాకంటే నీకా మామాయే ఎక్కువయ్యిందేటే?" అని విజయదుర్గ గేటు దగ్గర కూలబడి ఏడ్చింది. తరవాత వెళ్లిపోయింది. వెనక్కి తిరిగి కూడా చూడలేదు.

ఆ మరుసటివారమే సిపాయిలు వచ్చారు. కడిగిన వాకిలే వాళ్లని పిలిచింది. వీధంతా చెత్తకుప్పలైతే ఈ ఒక్క గుమ్మం ముందు తడి ఆరలేదు. అంటే లోపల మనుషులున్నట్టు, మనుషులుంటే సామానూ ఉన్నట్టు. అది పసిపిల్లలకైనా తెలుస్తుంది, సూరాయమ్మకి తట్టలేదు. వాకిలి పాడుపెడితే లక్ష్మి పోతుందని తెలుసు కానీ, కడిగితే దొంగలొస్తారని ఆవిడకి ఎవరు చెప్పారు?

టీవీ పట్టుకెళ్లారు, తివాచీ చుట్టి భుజాన వేసుకున్నారు. చివర్లో ఒక మీసాలాయన పటం దగ్గరికి వచ్చి, వేలి కణుపుతో కొట్టి చప్పుడు విన్నాడు. బోలుగా మోగింది. తుపాకి మడమ ఎత్తాడు. అప్పుడు సూరాయమ్మ అతనికీ పటానికీ మధ్య దూరింది. నోటికొచ్చిన అరబ్బీలో బతిమాలింది. అతను పక్కకి తోశాడు. మళ్లీ వచ్చి నిలబడి, మెడలోంచి పుస్తెల తాడు తీసి అతని చేతిలో పెట్టింది. అతను తాడు బరువు చూసుకుని, నవ్వి, వెళ్లిపోయాడు. ఆవిడ వంటింట్లోకి వెళ్లి, దారానికి పసుపు రాసి, కొమ్ము కట్టి మెడలో వేసుకుంది. సూరిబాబు బతికుండగా మెడ బోసిగా ఉంచుకోకూడదు. ఆ తరవాత నేల మీద కూర్చుని, పాస్‌పోర్టు దక్కింది కదా, మామా బంగారం దక్కింది కదా అని తనకి తనే చెప్పుకుంది.

ఈ ఉదయం కుడి ఒడ్డు తుడుస్తుండగా గేటు దబదబా మోగింది. వచ్చింది అన్వర్ బాషా. రాయచోటి కుర్రాడు, సులైబియాలో కోళ్లఫారం బండి తోలుతాడు. అతని అక్క రజియా బీ పక్కింట్లో వంటమనిషి. ఆ అక్కాతమ్ముళ్లు పంచిపెట్టిన రొట్టెలతోనే సూరాయమ్మ ఈ నెలన్నరా బతికింది.

"మళ్లా వాకిలి కడిగితివా అక్కా! ఎన్నిసార్లు చెప్పల్ల నీకు?" అంటూనే లోపలికి వచ్చాడు. "ఈ పొద్దు సరిహద్దులో సఫ్వాన్ కాడికి బస్సులు వచ్చాండాయంట. రేపు ఉంటాయో ఉండవో ఎవురికీ తెలీదు. రజియా అప్ప బండిలో కూచోనుండాది. పా, పోదాం."

"పాస్‌పోర్టు లేకుండా ఎక్కనిత్తారా తమ్ముడూ?"

"అదీ తెలీదు. అందుకే ఇది తెచ్చినా." చేతిలో సుత్తి, స్క్రూడ్రైవరు.

సూరాయమ్మ పటానికి వీపు ఆనించి నిలబడింది. "ఆవిడొచ్చి తీత్తానంది బాబూ. ఈళ్ల ఉప్పు తిన్నాను. ఆళ్ల బంగారం ఉందందులో. ఇప్పుడు మనం విప్పితే దొంగతనం కాదేటి?"

"ఆయమ్మ నిన్ను నమ్మి పోలేదక్కా, నిన్ను నమ్మించి పోయింది," అన్నాడు అన్వర్ బాషా. తరవాత గొంతు తగ్గించాడు. "సరే, పెట్టె తెరవొద్దు. పటం దించుదాం, పెట్టె ఉండాదో లేదో చూద్దాం. ఉంటే నువ్వు ఈడనే కూచో, నేనేమీ అనను."

ఆవిడ వెనక్కి తిరిగి పటాన్ని ఒకసారి చూసింది. తరవాత పక్కకి జరిగింది.

మరలు తుప్పు పట్టి మొరాయించాయి. పైన రెండు, పక్కల నాలుగు, కింద రెండు. ఒక్కోటి ఊడినప్పుడల్లా సూరాయమ్మ దాన్ని అందుకుని గౌను జేబులో వేసుకుంది, మళ్లీ బిగించేటప్పుడు వెతుక్కోకూడదని. ఆఖరిది ఊడగానే చెక్క బరువుగా ముందుకి వాలింది. ఇద్దరూ పట్టుకుని కిందికి దించి గోడకి ఆనించారు.

వెనక గోడ ఉంది. ఉత్త గోడ. ఇన్నేళ్లు ఎండ తగలక తెల్లగా, కొత్తగా ఉన్న సున్నం, చట్రాన్ని నిలబెట్టిన కొయ్య బద్దలు, మూలన ఒక సాలెగూడు. పెట్టె లేదు. పెట్టె పెట్టడానికి తవ్విన కన్నమైనా లేదు.

సూరాయమ్మ దగ్గరికి వెళ్లి అరచేత్తో గోడ తడిమింది. మామా ఎలా తడిమిందో అలాగే. ఒకసారి పైనుంచి కిందికి, ఒకసారి ఎడమ నుంచి కుడికి. వేళ్లతో కొట్టి చూసింది. గట్టిగా ఉంది. మళ్లీ కొట్టింది.

అన్వర్ బాషా సుత్తి కింద పెట్టాడు.

అప్పుడు ఆవిడకి నూరా వేలు గుర్తొచ్చింది. పిల్ల చూపించింది తల్లి కాళ్ల దగ్గరున్న సంచిని. అందరి పాస్‌పోర్టులూ పెట్టుకునే నల్ల తోలు సంచి అది. తొమ్మిదేళ్లు నిండని పిల్లకి ఉన్న నీతి తల్లికి లేకపోయింది. పాస్‌పోర్టు గోడలో ఉందంటే ఈ పిచ్చిది గోడని వదిలి కదలదని, గోడని వదలకపోతే ఇల్లు ఉంటుందని ఆవిడకి తెలుసు. ఎనిమిదేళ్లు దగ్గర పెట్టుకు చూసిన మనిషిని ఎంత బాగా చదువుకుంది! కాపలాకుక్కనైతే గొలుసు వేసి కట్టాలి. ఈవిడకి రెండు ముద్దులు సరిపోయాయి.

"బిస్కెట్లనుకున్నాను," అంది సూరాయమ్మ గోడకేసి చూస్తూనే.

"ఏందక్కా?"

"ఏం లేదు."

అన్వర్ బాషాకి రక్తం పొంగింది. పటాన్ని తన్నడానికి కాలెత్తాడు.

"తన్నకు," అంది ఆవిడ. గొంతు మామూలుగానే ఉంది. "బండికి పైన కప్పు లేదుగా. రజియాకి ఎండ తగిల్తే కళ్లు తిరుగుతాయి. దీన్ని పట్టుకెళ్దాం."

అతను ఆవిడ ముఖంలోకి చూశాడు. కింద పడిన చక్కెర పలుకు కూడా అడక్కుండా నోట్లో వేసుకోని మనిషి. యజమాని సొమ్ము మోసుకుపోదాం అంటోంది. అతను వంగి ఒక కొస పట్టుకున్నాడు.

సూరాయమ్మ లోపలికి వెళ్లి గౌను విప్పేసి, ట్రంకుపెట్టెలోంచి ఊరి నుంచి తెచ్చుకున్న నేత చీర తీసి కట్టుకుంది. అల్మరాలోని బిస్కెట్ల పొట్లం చేతిలోకి తీసుకుని, కాసేపు పట్టుకుని, తిరిగి అక్కడే పెట్టేసింది. ట్రంకుపెట్టె ఎత్తుకుంది, తలుపులు మూయలేదు. తాళంచెవుల గుత్తి గేటు ముందు తను కడిగిన రాళ్ల మీద పడేసి బండెక్కింది. అక్కడ ఇంకా తడి ఉంది.

కోళ్ల బుట్టలకి అటూ ఇటూ ఆనించి పటాన్ని అడ్డంగా పరిచి తాళ్లతో కట్టారు. బొమ్మ పైకి, చెక్క కిందికి. దాని నీడన రజియా బీ, సూరాయమ్మ మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నారు. బండి నిండా కోళ్ల కంపు. దారి పొడవునా కాలిపోయిన కార్లు, అద్దాలు లేని దుకాణాలు. జహ్రా దాటాక నేల కొద్దిగా పైకి లేచింది.

"ఇదే ముత్లా. కువైటు మొత్తానికి కొండంటే ఇదొకటే," అంది రజియా బీ.

సూరాయమ్మ తల బయటికి పెట్టి చూసింది. మట్టిగుట్ట. ఇంకో సమయంలోనైతే నవ్వేది. తలకి పైన జానెడు ఎత్తులో, మేకులు పొడుచుకొచ్చిన చెక్క వెనక భాగం కనిపిస్తోంది. దాని అవతలి వైపు కొండలున్నాయి, అడవులున్నాయి, నది ఉంది. వాటి మీద ఎండ పడుతోంది. దానికోసం పుస్తెలు ఇచ్చింది, తోడబుట్టినదాన్ని ఏడిపించి పంపింది.

"నామీద కోపమా అక్కా? వాకిలి కడగొద్దని నా తమ్ముడు చెప్పింది నువ్వు ముందే వినింటే..." అంది రజియా బీ.

"నీమీద కోపమేటే తల్లీ. ఆవిడ మీదే. నాకు కోపం రావడం కూడా కొత్తగా ఉంది. ఎక్కడ పెట్టుకోవాలో తెలీట్లేదు," అంది సూరాయమ్మ. అప్పుడు ఏడుపొచ్చింది. రజియా బీ దుపట్టా చెంగు అందించింది.

మధ్యాహ్నానికి సఫ్వాన్ దగ్గర, ఇరాకుతో పాత సరిహద్దుకి చేరారు. సిపాయిలు బండి ఆపి తాళంచెవి తీసేసుకున్నారు. మనుషులు మాత్రమే ముందుకి పోవాలి, బండి పోదు. బస్సులు ఇంకా రాలేదు. చుట్టూ ఇసక, ఎండ, మూటల మీద కూర్చున్న జనం. అన్వర్ బాషా పటాన్ని దించి, అంచు ఇసకలో పాతి, బండి చక్రానికి ఆనించి నిలబెట్టాడు. ముగ్గురూ దాని వెనక నీడలో కూర్చున్నారు.

తెల్లటోపీ పెట్టుకున్న మలయాళీ మాస్టారొకాయన గుంపుల దగ్గరికి వచ్చి పేర్లు అడుగుతున్నాడు. సూరాయమ్మ ముందు నిలబడేసరికి ఆవిడ లేచి, చేతులు కట్టుకుని, తనకి పాస్‌పోర్టు లేదని వచ్చీరాని హిందీలో చెప్పింది. తిట్టి వెనక్కి పంపుతాడనే అనుకుంది.

"లేకపోతే ఫరవాలేదమ్మా, సగం మందికి లేవు," అన్నాడు ఆయన హిందీలో. "పేరు, ఊరు చెప్పండి చాలు. జోర్డాన్ చేరాక, అమ్మాన్లో మనవాళ్లు కాగితం ఇస్తారు."

"ఇది ఎప్పటి నుంచి సార్?" అని అన్వర్ బాషా అడిగాడు.

"మొదటి బస్సు నుంచీ అంతే."

ఆయన ముందుకి వెళ్లిపోయాడు. సూరాయమ్మ నిలబడే ఉంది. విజయదుర్గ గేటు దగ్గర కూలబడి ఏడ్చిన రోజున కూడా అంతే. మీసాలాయన తుపాకి ఎత్తిన రోజున కూడా అంతే. గోడలో పెట్టే లేదు, ఆ పెట్టెతో పనీ లేదు. చెయ్యి మెడ దగ్గరికి వెళ్లి పసుపుకొమ్ముని పట్టుకుంది.

"అక్కా, కూచో. నీళ్లు తాగు," అన్నాడు అన్వర్ బాషా.

ఆవిడ కూర్చోలేదు. నడిచి పటం ముందు వైపుకి వచ్చింది. దారి దుమ్మంతా దాని మీదే ఉంది. కొండలు, అడవి, నది ఏవీ కనబడ్డం లేదు. ఆవిడ కాసేపు చూసింది. తరవాత పమిట చెంగు చేతికి చుట్టుకుని, ఎడమ మూల నుంచి తుడవడం మొదలుపెట్టింది. ఎందుకని ఎవరైనా అడిగితే ఆవిడే చెప్పలేకపోయేది, చెయ్యే తుడుస్తోంది. పుట్టింటి వైపు కొండలు ఒక్కోటే బయటపడ్డాయి. ఒడ్డున చెట్లు బయటపడ్డాయి. నది అంచుకి వచ్చేసరికి దూరంగా బస్సు హారను వినిపించింది.

"బస్సు వచ్చె! అక్కా, యల్లా, బిరీన రా!" అని అరిచాడు అన్వర్ బాషా.

చెయ్యి ఆగింది. ఆవిడ తన చేతిని తనే చూసుకుంది. చుట్టుకున్న చెంగు విప్పి, దుమ్ము దులిపి, భుజం మీద వేసుకుంది. ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని రజియా బీ వెనకే నడిచింది. బస్సులో కిటికీ పక్కన చోటు దొరికింది, కానీ ఆవిడ బయటికి చూడలేదు. కళ్లు మూసుకుని, వెనక్కి జారిపోతున్న ఇసకని చూడకుండానే సరిహద్దు దాటిపోయింది.

బస్సు లేపిన దుమ్ము సర్దుకున్నాక, తాళంచెవి లేని కోళ్లబండి పక్కన ఆ పటం నిలబడి ఉంది, నదికి ఇటు కొండలు శుభ్రంగా, అటు కొండలు దుమ్ములో.